ఇంట్లో క్రోమ్ మెరుపు: ఏ ముక్కకు ఏ పూత?

మా అంబాసిడర్‌లో అద్దాలు దించే హ్యాండిళ్లు నాలుగు. డ్రైవరు వైపుది నాన్నగారి చెయ్యి పడీ పడీ అరిగిపోయి, తెల్లటి మెరుపు పోయి, లేత పసుపు తేలింది. మిగతా మూడూ నిన్న కొన్నట్టే ఉన్నాయి. ఆ ఒక్కదాన్ని బాగుచేద్దామని మొదలెట్టి, చివరికి బండిలో మెరవాల్సిన ప్రతి ముక్కనూ విప్పి వసారాలో పాత దుప్పటి మీద పరిచేదాకా వెళ్లాను. రెండేళ్లు పట్టింది. ఈలోగా ఇంట్లో ప్లేటింగ్ చేశాను, స్ప్రే కొట్టాను, స్టిక్కర్ అంటించాను, కొన్ని షాపుకి ఇచ్చాను. కొన్ని చెడగొట్టాను కూడా.

పాత బండి ఉన్నవాళ్లందరూ అడిగే ప్రశ్న ఒకటే: ఇంట్లో క్రోమ్ వేసుకోవచ్చా? క్రోమ్ వేసుకోకూడదు. క్రోమ్‌లా కనిపించేది వేసుకోవచ్చు, అదీ కొన్ని ముక్కలకే. ముక్క దేనితో చేశారు, బండిలో ఎక్కడుంటుంది, దాని మీద రోజూ పడేది చెయ్యా, వానా? ఈ మూడూ తేలితే ఏ పూత వెయ్యాలన్నది దాదాపు దానంతటదే తేలిపోతుంది. డబ్బాల మీద మెరిసే బొమ్మలు చూసి కొంటే నాలాగే రెండుసార్లు డబ్బు పెట్టాల్సి వస్తుంది.

అసలు క్రోమ్ ఎందుకు వద్దు

ప్లేటింగ్ అంటే లోహం కరిగి ఉన్న ద్రావణంలో ముక్కను ముంచి, కరెంటు పంపి, దాని మీద ఆ లోహాన్ని పలచటి పొరగా ఎక్కించడం. సంప్రదాయ క్రోమ్ తొట్టిలో ఉండేది క్రోమిక్ యాసిడ్, అంటే హెక్సావాలెంట్ క్రోమియం అనే విషపూరిత రూపం. పెట్టిన కరెంటులో ఐదో వంతు కూడా క్రోమ్‌గా మారదు. మిగతాదంతా బుడగలైపోతుంది. ఆ బుడగలు పైకొచ్చి పగిలినప్పుడల్లా యాసిడ్ కంటికి కనపడనంత సన్నటి తుంపరగా గాల్లోకి లేస్తుంది. మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవని రుజువైన వాటి జాబితాలో, మొదటి గ్రూపులో, అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని పెట్టింది. యూరోపియన్ యూనియన్‌లో 2017 సెప్టెంబరు తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా దీన్ని వాడటానికి లేదు. కాలిఫోర్నియాలో అలంకరణ కోసం వేసే ఈ రకం క్రోమ్‌ను 2027 నుంచి ఆపేయాలని 2023లో నిబంధన తెచ్చారు, కొందరికి 2030 దాకా గడువిచ్చారు. మన దగ్గరా ఎలక్ట్రోప్లేటింగ్ యూనిట్లు కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో రెడ్ కేటగిరీవే, అంటే కాలుష్యం ఎక్కువ చేసే జాబితాలోవే. పిల్లలు తిరిగే ఇంట్లో, బాత్రూమ్ పక్కన బకెట్లో చేసే పని కాదిది. ట్రైవాలెంట్ క్రోమ్ అని ప్రమాదం తక్కువున్న రకం ఉంది గానీ, దాని తొట్టి మహా సున్నితం. రోజూ పరీక్షలు చేసుకునే ఫ్యాక్టరీకే అది సరిపోతుంది.

ఇంతకీ మనం క్రోమ్ అని మురిసిపోయేదాంట్లో క్రోమ్ ఎంత? పావు నుంచి అర మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతే మైక్రాన్). దాని కింద నికెల్ ఇరవై, ముప్పై మైక్రాన్లు ఉంటుంది. తుప్పును ఆపేది ఆ నికెల్. అద్దంలా మెరిసేదీ నికెలే, దాని కింద చేసిన పాలిషే. క్రోమ్ పై కాపలాదారు మాత్రమే: నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా చూస్తుంది, దాని పసుపు ఛాయను చల్లటి నీలి తెలుపుగా మారుస్తుంది. 1920ల మధ్యలో క్రోమ్ వ్యాపారంలోకి వచ్చేదాకా కార్ల రేడియేటర్లకూ దీపాలకూ నికెలే వేసేవారు, మసకబారినప్పుడల్లా గుడ్డ పెట్టి రుద్దుకునేవారు.

చిలకలపూడి గిల్టు నగలు చేసేవాళ్లనడిగితే ఇదే మాట ఇంకోలా చెబుతారు. పైన బంగారం పొర అందరిదీ పలచనే. కింద ముక్క నునుపుగా ఉంటేనే నగ నగలా కనిపిస్తుంది.

కాబట్టి ఇంట్లో మనం మార్చుకోగలిగింది ఆ పై కాపలాదారుని. క్రోమ్‌కు బదులుగా నికెల్ మీద తగరం, కోబాల్ట్ కలిసిన పలచని పొర వేస్తారు. అందులో ఎక్కువ పాలు తగరమే. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలకు నవాసారం చల్లి కళాయి వేయించింది ఈ తగరంతోనే. కోబాల్ట్ చేరేసరికి కళాయిలోని మెత్తటి వెండి తెలుపు కాస్తా క్రోమ్‌కు దగ్గరైన నీలి తెలుపు అవుతుంది. కంటికి దగ్గర, చేతికి కాదు. క్రోమ్ మీద గోరు పెట్టి గీస్తే గోరే అరుగుతుంది. ఈ పొర క్రోమ్ కన్నా చాలా మెత్తన. వారం వారం ఇసుకతో కూడిన గుడ్డ పెట్టి తుడిచే చోట ఎక్కువ కాలం నిలవదు.

ముందు లోహం సంగతి

ఒక అయస్కాంతం, ఒక చాకు, కొంచెం ఓపిక ఉంటే చాలు. అయస్కాంతం గట్టిగా పట్టుకుని, పూత పోయిన చోట ఎర్ర తుప్పు ఉంటే అది ఇనుము. ఇంటి ప్లేటింగ్‌కి ఇంతకన్నా మంచి సరుకు లేదు. అయస్కాంతం పట్టకుండా బరువుగా ఉండి, వెనకవైపు చాకుతో గీస్తే పసుపుగా తేలితే ఇత్తడి. అదీ మంచిదే, ఇంకా తేలిక. తేలిగ్గా ఉండి అయస్కాంతం పట్టకపోతే అల్యూమినియం కావచ్చు, ప్లాస్టిక్ కావచ్చు. గోటితో కొడితే చప్పుడులోనే తెలిసిపోతుంది. అల్యూమినియం గాలి తగలగానే మీద ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది, దాని మీద నికెల్ వేస్తే పొక్కులా లేచిపోతుంది. ముందు జింకేట్ అనే మరో ద్రావణంలో ముంచాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు దాని జోలికి పోకపోవడం మేలు.

ఇక్కడొక తిరకాసుంది. కార్ల బీడింగుల్లో (అంచుల వెంట మెరిసే పట్టీల్లో) వాడే స్టెయిన్‌లెస్ స్టీల్లో ఒక రకం, 430 గ్రేడ్ అంటారు, అయస్కాంతానికి అతుక్కుంటుంది. దాన్ని ఇనుమనుకుని యాసిడ్‌లో ముంచేవాళ్లున్నారు. మసకబారిందే తప్ప ఎక్కడా తుప్పు లేదు, పొర లేచిన జాడ లేదు అంటే అది స్టెయిన్‌లెస్ అయ్యే అవకాశం ఎక్కువ. దానికి పూతే అవసరం లేదు. బఫింగ్ చక్రం (పాలిష్ పట్టే గుడ్డ చక్రం) మీద పది నిమిషాలు పట్టిస్తే కొత్తదవుతుంది. నా బండికి కిటికీల చుట్టూ ఉన్న బీడింగంతా ఇదే. ప్లేటింగ్ చేద్దామని విప్పిన ముక్కల్లో మూడో వంతుకు ప్లేటింగే అక్కర్లేకపోయింది.

మిగిలింది మజాక్. జింకును అచ్చులో పోసి చేసిన ముక్కలు: బ్యాడ్జీలు, అక్షరాలు, అద్దాల కాళ్లు, కొన్ని డోర్ హ్యాండిళ్లు. బరువుగా ఉంటాయి, అయస్కాంతం పట్టదు, గీస్తే బూడిద రంగు. పాతబడితే ఆటలమ్మ పోసినట్టు క్రోమ్ కింద నుంచి చిన్న చిన్న బొబ్బలు లేస్తాయి. విజయవాడ ఆటోనగర్‌లో పాలిష్ చేసే పెద్దాయనకు నా బోనెట్ బ్యాడ్జీ చూపిస్తే, చేతిలోకి తీసుకోకుండానే చెప్పేశాడు.

“మజాక్ అండీ ఇది. యాసిడ్ తగిలిందంటే పేలాల్లాగా పొంగుద్ది.”

నేను వినలేదు. పలచటి యాసిడే కదా, ఒక్క నిమిషమే కదా అనుకున్నాను. బొబ్బల రంధ్రాల్లోంచి యాసిడ్ లోపలికి దూరి బుసబుసమని పొంగింది. తీసి చూస్తే అంచు ఒకటి పుచ్చిన పన్నులా అయిపోయింది. మజాక్‌కు పద్ధతైన దారి ముందు సయనైడ్ రాగి తొట్టిలో పలచటి పొర వేయడం, తర్వాత మామూలు రాగి, ఆపైన నికెల్. సయనైడ్ ఇంట్లో ఉండకూడని వస్తువు. దానికి యాసిడ్ తగిలితే వచ్చే గ్యాసు మనిషిని నిమిషాల్లో చంపుతుంది. అందుకని మజాక్ ముక్క బాగుచేయించుకునేంత విలువైనదైతే షాపుకే ఇవ్వండి.

ఇంటి ప్లేటింగ్ ఎలా ఉంటుందంటే

మళ్లీ ఆ హ్యాండిల్ దగ్గరికొద్దాం. ఇనుముది. దాని ఒంటి విస్తీర్ణం సుమారు ఒక చదరపు డెసిమీటరు, అంటే పది సెంటీమీటర్లకు పది. నికెల్ తొట్టికి చాలామంది వాడేది వాట్స్ ద్రావణం. లీటరు నీటికి నికెల్ సల్ఫేట్ 250 గ్రాములు, నికెల్ క్లోరైడ్ 50, బోరిక్ యాసిడ్ 40 గ్రాముల లెక్కన ఐదు లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌కు వరసగా కిలోంబావు, పావుకిలో, 200 గ్రాములు పడతాయి. కిట్ కొంటే ఇవే కలిపి, మెరుపు తెచ్చే మందు కూడా చేర్చి ఇస్తారు. వేడి 50 డిగ్రీల చుట్టూ ఉండాలి. చదరపు డెసిమీటరుకు రెండు ఆంపియర్లు ఇస్తే గంటకు సుమారు 23, 24 మైక్రాన్ల నికెల్ కూర్చుంటుంది. తూచి చూస్తే హ్యాండిల్ మీద ఎక్కేది రెండు గ్రాముల పైచిలుకు. ఆ రెండు గ్రాముల కోసం ఇంత తతంగం!

కరెంటుకు కార్ బ్యాటరీ ఛార్జర్ వాడొచ్చని వీడియోల్లో చూపిస్తారు. వాడొచ్చు, కానీ ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో మీ చేతిలో ఉండదు. ఎక్కువైతే అంచులు మాడి నల్లగా, గరుకుగా వస్తాయి. వోల్టేజీ, ఆంపియర్లు విడివిడిగా తిప్పుకునే బెంచ్ పవర్ సప్లై ఈ పనిలో పెట్టే ఖర్చులన్నిటిలోకీ సార్థకమైంది. ప్లేటింగ్ మానేసినా ఇంట్లో పనికొస్తుంది.

చెడేది మాత్రం తొట్టిలోకి దిగకముందే చెడుతుంది. నా మొదటి ప్రయత్నంలో పాత క్రోమ్ తియ్యకుండా దాని మీదే నికెల్ వేశాను. బయటికి తీస్తే అద్దంలా ఉంది, ఫొటో తీసి అందరికీ పంపాను కూడా. మర్నాడు బిగిస్తుంటే స్క్రూడ్రైవర్ తగిలిన చోట ఉల్లిపొరలా ఊడొచ్చింది. క్రోమ్ మీద ఏదీ పట్టదు. అది పూర్తిగా పోవాల్సిందే.

తీయడంలోనూ ప్రమాదముంది. కాస్టిక్ సోడా నీళ్లలో ముక్కకు ప్లస్ కలిపితే క్రోమ్ శుభ్రంగా దిగిపోతుంది, వీడియోల్లో ఎక్కువగా చూపించేది ఇదే. ఆ నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ పసుపే మనం వద్దనుకున్న హెక్సావాలెంట్ క్రోమియం. తుప్పు వదిలించడానికి ప్లస్ వైపు స్టీలు గరిటె వేలాడదీసినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే స్టెయిన్‌లెస్‌లోనూ క్రోమియం ఉంటుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచితే క్రోమ్ ఆకుపచ్చగా కరుగుతుంది. అది ట్రైవాలెంట్ రూపం, ప్రమాదం చాలా తక్కువ. కానీ ఆ యాసిడ్ ఆవిరి సంగతి నాకప్పుడు తెలియదు. మూత సరిగా పెట్టని డబ్బా రాత్రంతా షెడ్డులో ఉంచాను. తెల్లారేసరికి స్పానర్లు, డ్రిల్ బిట్లు, ఆఖరికి తలుపు గొళ్లెం కూడా ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

అందుకే ఇప్పుడు నేను చెప్పే సలహా కొందరికి నచ్చకపోవచ్చు. పాత పూత తీయించడం, గుంతలు సాపుచేసి బఫింగ్ చేయించడం పాలిష్ షాపులో చేయించుకోండి. నికెల్, పై పొర ఇంట్లో వేసుకోండి. కష్టమైన, మురికైన సగం వాళ్లది. అపురూపంగా చూసుకోవాల్సిన సగం మనది. బఫింగ్ మనమే చేసుకుంటే ఒక్కో ముక్కకు ఒక్కో ఆదివారం పోతుంది, పైగా నికెల్ ఏ గీతనూ దాచదు. కాటుక పెట్టినట్టు ఇంకా ఎత్తి చూపిస్తుంది.

పాలిష్ నుంచి వచ్చిన ముక్క మీద మైనం లాంటి జిడ్డుంటుంది. కాస్త వేడి నీళ్లలో డిటర్జెంట్ వేసి, బ్రష్‌తో రుద్ది కడగాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోడానికి పరికరం అక్కర్లేదు. మంచినీళ్లు పోసి నిటారుగా పట్టుకోండి. తామరాకు మీద నీటిబొట్టులా నీళ్లు ఎక్కడైనా ముత్యాలు కడితే అక్కడ జిడ్డున్నట్టే. నీళ్లు ఒకే పలచటి తెరలా ముక్కంతా కప్పి నిలవాలి. హ్యాండిల్‌ను నేను నాలుగుసార్లు కడిగాను. నాలుగోసారి కూడా గుండు కింద, వేలు ఆనే చోట, పెసరగింజంత ఖాళీ కనిపించింది. అది నా బొటనవేలి ముద్రే. గ్లవ్స్ లేకుండా పట్టుకున్నాను మరి. మళ్లీ కడిగి, పలచటి యాసిడ్‌లో కొన్ని సెకన్లు ముంచి, కడిగి, ఆరనివ్వకుండా, కరెంటు ఆన్‌లో ఉండగానే తొట్టిలోకి దించాను.

గంట తర్వాత తీస్తే నికెల్ మెరుపు: వెచ్చగా, పాలమీగడలో చిటికెడు పసుపు కలిపినట్టు. కడిగి, తడి ఆరకముందే తగరం-కోబాల్ట్ తొట్టిలో వేయాలి. నికెల్ ఆరితే పైన పొర కట్టుకుని తర్వాతదాన్ని పట్టనివ్వదు. ఇక్కడ పని నిమిషాల్లో అయిపోతుంది. చూస్తూ ఉండగానే పసుపు ఛాయ జారిపోయి, ముక్క చల్లబడినట్టు తెల్లబడింది. ఎక్కువసేపు ఉంచితే ఇంకా బాగుంటుందన్న ఆశతో రెండో హ్యాండిల్ మీద సమయం పెంచాను. మసక బారింది. కిట్ కాగితంలో రాసినంతసేపే ఉంచండి.

ఇదే లెక్క బంపర్‌కు కట్టి చూడండి. మీటరున్నర పొడవు, పదిహేను సెంటీమీటర్ల వెడల్పు, రెండు వైపులా. 45 చదరపు డెసిమీటర్లు. 90 ఆంపియర్ల కరెంటు కావాలి, ఇంట్లో వాడే సప్లై ఇచ్చేది ఐదో, పదో. బంపర్ పట్టే తొట్టికి వంద లీటర్ల దాకా ద్రావణం, అంటే ఒక్క నికెల్ సల్ఫేటే పాతిక కిలోలు. ఇంట్లో బంపర్ ప్లేటింగ్ గురించి ఎవరన్నా అడిగితే ఈ లెక్క చెప్పి ఊరుకుంటున్నాను.

వెనిగర్‌లో నికెల్ ముక్కలు వేసి చేసే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. బోల్టులు, చిన్న క్లిప్పులకు పర్వాలేదు. పొర పలచన, మెరుపు తక్కువ. త్వరగా అవ్వాలని అందులో ఉప్పు వేయమంటారు. అప్పుడు ప్లస్ వైపు క్లోరిన్ అనే విషవాయువు రావచ్చు, వేయకండి.

నికెల్ దగ్గరే ఆగిపోతే?

చాలామంది ఈ ప్రశ్న వేసుకోరు. వేసుకోవాల్సింది. 1920ల మొదటి సగం నాటి బండి అయితే నికెలే అసలైనది, పైన క్రోమ్ లాంటిది వేస్తేనే తప్పు. తర్వాతి బండ్లకైనా, లోపలి ముక్కలన్నిటికీ ఒకేసారి నికెల్ వేస్తే ఆ వెచ్చటి రంగు చెక్క డ్యాష్‌బోర్డుకు, లెదర్ సీట్లకు భలే నప్పుతుంది. ఒక తొట్టి, ఒక ద్రావణం తగ్గుతాయి. అప్పుడప్పుడు మెటల్ పాలిష్ పెట్టి తుడుచుకోవాలి, అంతే.

పై పొర కావాల్సింది పక్కనే పాత క్రోమ్ ముక్కలు మిగిలి ఉన్నప్పుడు. అప్పుడు కూడా నూటికి నూరు కలుస్తుందనుకోకండి. ట్యూబ్‌లైట్ కింద నా హ్యాండిల్‌కూ పక్క తలుపు హ్యాండిల్‌కూ తేడా కనపడలేదు. ఎండలోకి తెస్తే మాత్రం కొత్తది ఒక పిసరు ముదురుగా ఉంది. ఒకే చూపులో పడే ముక్కలన్నిటినీ ఒకే పూతతో చేయడం దీనికి విరుగుడు. ఒక్క హ్యాండిల్ చేస్తే నాలుగూ చేయాలి.

బయటి ముక్కలకు ఈ పై పొర వేయాలనుకుంటే కింద నికెల్ మీద పిసినారితనం పనికిరాదు. 25 మైక్రాన్లకు తగ్గకూడదు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో 30 ఉండాలి. నికెల్ పలచనైతే సన్నటి రంధ్రాలు మిగులుతాయి, వాటిలోంచి తేమ ఇనుమును చేరుతుంది. ఒక్క వర్షాకాలం గడిస్తే చాలు, మెరుపు మీద ఎర్రటి చుక్కలు తేలతాయి.

ప్లేటింగ్ కాని దారులు

ప్లాస్టిక్ గ్రిల్ ఉన్న కొత్త బండ్ల వాళ్లకు ఇక్కడి నుంచే పని. ఫ్యాక్టరీలో ప్లాస్టిక్‌ను ఘాటైన రసాయనంలో కొరికించి, పల్లాడియం అంటించి, ఆ తర్వాత లోహం ఎక్కిస్తారు. ఇంట్లో అయ్యే పని కాదు. కరెంటు పారే పెయింట్ వేసి రాగి, నికెల్ ఎక్కించేవాళ్లున్నారు గానీ, ఎండకు ప్లాస్టిక్ సాగి, చల్లదనానికి ముడుచుకున్నప్పుడు ఆ పొర పెయింట్‌తో సహా లేచిపోతుంది.

షాపుల్లో దొరికే క్రోమ్ స్ప్రే డబ్బా నిజానికి సన్నటి అల్యూమినియం పొడి. నల్లగా, నిగనిగలాడే బేస్ మీద పలచగా కొడితే మొదటి గంట మైమరిపిస్తుంది. వేలు పెడితే మచ్చ. కాపాడదామని పైన మామూలు క్లియర్ కోట్ (రంగులేని రక్షణ పూత) కొడితే అద్దం కాస్తా స్టీలు గ్లాసు రంగవుతుంది. గోడకు తగిలించే వస్తువులకు, ఎవరూ ముట్టని మూలలకు చాలు.

దానికన్నా ఎన్నో రెట్లు మెరుగైనది వెండి స్ప్రే, స్ప్రే క్రోమ్ అని పిలుస్తారు. రెండు నాజిళ్ల గన్నుతో ఒకవైపు నుంచి సిల్వర్ నైట్రేట్, ఇంకోవైపు నుంచి దాన్ని వెండిగా మార్చే ద్రావణం ఒకేసారి ముక్క మీద కలుస్తాయి. కళ్ల ముందే అద్దం తయారవుతుంది, స్కూల్లో పరీక్షనాళికలో వెండి అద్దం చేసిన ప్రయోగమే. లోహమా ప్లాస్టికా అన్న పేచీ లేదు. రెండు ఇబ్బందులున్నాయి. అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్‌ను మిగిలింది కదా అని దాచిపెట్టకూడదు, ఎండిపోతే పేలే పదార్థంగా మారొచ్చు. ఏ రోజుది ఆ రోజే. రెండోది, ఆ వెండిని కాపాడేది పైన కొట్టే రెండు భాగాల క్లియర్ కోట్ మాత్రమే. అందులో ఉండే ఐసోసైనేట్లు అనే హానికర రసాయనాలకు మామూలు మాస్కు చాలదు. ఏళ్లు గడిచే కొద్దీ ఆ క్లియర్ ఎండకు పసుపుబారడమూ ఉంది. ప్లాస్టిక్ గ్రిల్ అంటే ప్రాణమైతే, ఈ పని చేసే పెయింట్ బూత్ వెతుక్కుని ఇవ్వడం నయం.

క్రోమ్ స్టిక్కర్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. చదునైన, కొద్దిగా వంగిన పట్టీలకు బాగుంటుంది, నచ్చకపోతే పీకేయొచ్చు. రెండు వైపులా వంగే గుండ్రటి ముక్కల మీద ముడతలు పడుతుంది, లాగితే తెల్లబడుతుంది. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో బండి బయట పెట్టేవాళ్లు అంచులు లేవడానికి సిద్ధంగా ఉండాలి. అద్దె కారుకో, అమ్మేయబోయే కారుకో ఇది చాలు. క్రోమ్ అంతా కప్పేసి నిగనిగల నలుపు వేయించుకునే ఫ్యాషన్ కూడా ఇప్పుడుంది. బొబ్బలెక్కిన మజాక్‌కు అదీ పనికిరాదు. కింద బొబ్బలు అలాగే కనిపిస్తాయి.

షాపుకి ఇస్తే

బంపర్లకు, మజాక్‌కు దారి ఇదే. హైదరాబాద్‌లో బాలానగర్ వైపు ప్లేటింగ్ చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇచ్చేటప్పుడు “క్రోమ్ వేయండి” అని ఊరుకోకూడదు. నికెల్ ఎంతసేపు వేస్తారు, మజాక్‌కు కింద రాగి వేస్తారా, గుంతలను ఎలా నింపుతారు? ఈ మూడూ అడగండి. సమాధానంలో తడబాటు ఉంటే ముందు ఒక్క చిన్న ముక్క ఇచ్చి చూడండి. ప్రతి ముక్కనూ ఫొటో తీసుకోండి, లెక్క రాసివ్వండి. నేను ఇచ్చిన అక్షరాల్లో ఒకటి తీగ ఊడి తొట్టి అడుగున పడిపోయింది, వారం పాటు తిరిగినా దొరకలేదు. ఇంకో షాపులో పాలిష్ పట్టేవాడు మరీ హుషారుగా పట్టేసరికి దీపం రింగు మీది సన్నటి గాడి చెరిగిపోయింది. అంచులు, గాళ్లు ఉన్న ముక్క అయితే “దీన్ని చెరపొద్దు” అని మార్కర్‌తో బాణం గుర్తు పెట్టి ఇవ్వండి. నామోషీ పడక్కర్లేదు.

బంపర్ తుప్పు అవతలికి తినేసి ఉంటే ఏ పూతా దాన్ని కాపాడదు. కొన్ని పాత మోడళ్లకు స్టెయిన్‌లెస్ బంపర్లు చేసి అమ్ముతున్నారు. ఆ ఖర్చును రీక్రోమ్ ఖర్చుతో పోల్చి చూసుకోవడం మంచిది.

చివరికి నా బండిలో ఏది ఎటు పోయిందంటే: బంపర్లు రెండూ, మిగిలిన అక్షరాలు, అద్దం కాళ్లు షాపుకి. బీడింగులకు బఫింగ్ ఒక్కటే. అద్దాల హ్యాండిళ్లు, సన్‌వైజర్ బ్రాకెట్లు, డ్యాష్‌బోర్డు స్క్రూలు, ఆష్‌ట్రే మూత ఇంట్లో, తగరం-కోబాల్ట్‌తో. పుచ్చిపోయిన బోనెట్ బ్యాడ్జీకి మారు బ్యాడ్జీ కోసం పాత సామాన్ల షాపుల చుట్టూ ఇంకా తిరుగుతున్నాను. నాలుగైదు చిన్న ముక్కలే మీ దగ్గరుంటే కిట్ కొనకండి, కూలి ఇచ్చి చేయించుకోవడమే చవక. ఇరవై ముక్కలు దాటి, పని మీద సరదా కూడా ఉంటేనే ఇంటి తొట్టి గిట్టుబాటు.

తొట్టి పెట్టుకుంటే మరో బాధ్యత ఉంది. నికెల్ లవణాలు కొందరి చర్మానికి పడవు. ఒకసారి దురద మొదలైతే ఆ తర్వాత వాచీ పట్టీ కూడా పడదు. నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి, తొట్టి మీదికి వంగి గాలి పీల్చకూడదు. నికెల్ లవణాల తుంపరా, పొడీ క్యాన్సర్ జాబితాలో ఉన్నవే. వంటింటి గిన్నె ఒక్కసారి ఇందులో వాడితే మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. వాడేసిన నీళ్లు కాలవలో పోయకండి. బట్టల సోడా కొంచెం కొంచెంగా కలుపుతూ పోతే నికెల్ లేత ఆకుపచ్చ బురదగా అడుక్కి దిగుతుంది. ఆ బురద వడకట్టి, ఎండబెట్టి, డబ్బాలో పెట్టి పేరు రాసి ఉంచుకోవాలి. నేను బంపర్లిచ్చిన షాపాయన తన తొట్ల బురదతో పాటే పంపిస్తానని నా డబ్బా తీసుకున్నాడు. ప్లేటింగ్ బేరం మాట్లాడేటప్పుడే ఈ సంగతీ అడిగి పెట్టుకోండి.

హ్యాండిళ్లు బిగించి పదమూడు నెలలైంది. మూడింటికి ఏమీ కాలేదు. డ్రైవరు వైపుది, గుండు కింద వేలు ఆనే చోట, మళ్లీ పెసరగింజంత పసుపు తేలింది. ఈసారి ఆ వేలు నాది.